రేజరు పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

ఈ ఆటవెలది ఒక సూపర్ మార్కెట్ బిల్లు వెనకవైపు బాల్‌పెన్నుతో రాసి ఉండగా దొరికింది. కవి పేరు లేదు. కాలం మాత్రం తేల్చవచ్చు. బిల్లు ముందువైపు జీఎస్టీ లెక్క ఉంది కనుక 2017 జూలైకి ముందుది కాదు. అదే బిల్లులో రెండు రేజర్లున్నాయి కనుక కవి సంసారి అని ఊహిస్తున్నాం. భార్య రాసిందా, భర్త రాశాడా అన్నది పండితులు తేల్చుకోవాలి.

టీకాకారులకి పెద్ద దిక్కు మల్లినాథసూరి. ఆయన ఇంటిపేరులోని కొలాచలం నేటి మెదక్ జిల్లా కొల్చారమే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన నియమం పెట్టుకున్నాడు. అంత నిగ్రహం మావల్ల కాదని ముందే మనవి చేసుకుంటున్నాం.

మూలం

రేజరొకటె, రెండు రేట్లాయె నంగటన్
మగని పెట్టె నలుపు, మగువ కెంపు;
కత్తి కేమి తెలియుఁ గడ్డమో పిక్కయో,
బిల్లు మాత్ర మెఱుఁగు భేదమెల్ల.

ప్రతిపదార్థం

రేజరు + ఒకటె = వెంట్రుకలు గీసే పనిముట్టు ఒక్కటే అయినప్పటికీ; అంగటన్ = దుకాణంలో; రెండు రేట్లు + ఆయెన్ = రెండు ధరలు పలికింది; మగని పెట్టె = పురుషుడికి ఉద్దేశించిన డబ్బా; నలుపు = నల్లనిది; మగువ = స్త్రీది; కెంపు = ఎరుపని నిఘంటువు, లేత గులాబి అని షెల్ఫు; కత్తికి = లోపలి బ్లేడుకి; గడ్డమో పిక్కయో = తాను గీస్తున్నది మొహమో కాలో; ఏమి తెలియున్ = తెలియదని భావం; బిల్లు మాత్రము = ఒక్క బిల్లే; భేదము + ఎల్ల = ఆ తేడా సమస్తం; ఎఱుఁగున్ = ఎరిగి ఉంటుంది.

అన్వయం సుగమం. తాత్పర్యం షాపులో అందరికీ తెలిసిందే, ఇంటికొచ్చాక మరిచిపోయేదే.

పాఠాంతరం

మొదటి పాదంలో ‘రేట్లాయె’కు బదులు ‘రెట్లాయె’ అని చదవవచ్చునని కొందరి వాదం. రెండు ధరలు కాదు, ధర రెండింతలు అయిందని వాళ్ళ అర్థం. ఛందస్సు ఈ తగవు తీర్చలేదు. రెండూ తగణాలే, యతి రెండింటికీ చెల్లుతుంది. కనుక బయటి ప్రమాణం వెతకాలి.

2015 డిసెంబరులో న్యూయార్క్ నగర వినియోగదారుల శాఖ దాదాపు 800 వస్తువుల్ని ఆడ, మగ జతలుగా పక్కపక్కన పెట్టి ధరలు చూసింది. ఆడవాళ్ళ పేరు మీదున్నవి సగటున 7 శాతం ఎక్కువ. సబ్బులు, షాంపూలు, రేజర్ల వంటి వాటిలో 13 శాతం. నూటికి 42 జతల్లో ఆడవాళ్ళ వస్తువు ఖరీదైనది, 18 జతల్లో మగవాళ్ళది. దీన్నిబట్టి ‘రెట్లు’ అనడం అతిశయోక్తి, ‘రేట్లు’ అన్నదే సాధు పాఠం అని తేల్చేయబోతుండగా ఆ నివేదికలోనే పిల్లలు కాలితో తోసుకుంటూ నడిపే స్కూటర్ కనపడింది. ఎర్రది 24.99 డాలర్లు, గులాబి రంగుది 49.99 డాలర్లు. గొడవయ్యాక అమ్మినవాళ్ళు అది సిస్టంలో జరిగిన పొరపాటన్నారు. ‘రెట్లు’ పాఠానికి ఇంతకన్న గట్టి సాక్ష్యం దొరకదు. రెండు పాఠాలూ గ్రాహ్యమే.

‘కెంపు’ శబ్ద విచారం

గులాబి రంగును కవి కెంపు అన్నాడేమి అని ఆక్షేపణ. ‘గులాబి’ జగణం. ఆటవెలది గణాల్లో జగణం లేదు. రెండు గణాల నడుమ విరిచి ఇరికించవచ్చు గాని బిల్లు కాగితం మీద అంత చోటు లేదు. కెంపు సూర్యగణంలో ఒదిగింది, పని జరిగింది.

అసలు చర్చ ఇది కాదు. ఈ రంగు స్త్రీదని ఏ శాస్త్రం చెప్పింది? 1918లో అమెరికాలో పిల్లల బట్టల వ్యాపారుల పత్రిక ఒకటి, గులాబి గట్టి రంగు కనుక మగపిల్లలకనీ, నీలం సుకుమారం కనుక ఆడపిల్లలకనీ సలహా ఇచ్చింది. అందరూ ఆ మాటే అన్నారని కాదు, అప్పటికి రంగులింకా స్థిరపడలేదు. ఆ తర్వాత బొమ్మల దుకాణాలు, బట్టల దుకాణాలు కలిసి రంగుల్ని అటుదిటు చేసి గట్టిగా మేకులు కొట్టాయి. అన్నయ్య గౌను చెల్లెలికి పనికొస్తే రెండో గౌను అమ్ముడుపోదన్నది ఇందులోని వ్యాపార సూత్రం. మన కవి 1918లో ఆ పత్రిక చదివి ఉంటే రెండో పాదం ‘మగని పెట్టె కెంపు, మగువ నలుపు’ అయ్యేది. పాఠకులు వేళ్ళ మీద లెక్కపెట్టి చూసుకోవచ్చు, ఐదు సూర్యగణాలూ చెక్కుచెదరవు, యతి తప్పదు. తిరగేసినా పద్యం పడిపోకపోవడంలోనే కవి చమత్కారమంతా ఉందని మా అభిప్రాయం.

వ్యాకరణ విశేషం

ఇక్కడ కొంచెం ఆగాలి. చిన్నయసూరి బాలవ్యాకరణం ప్రకారం స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడ పదార్థాలు కానివే మహత్తులు. ఏకవచనంలో అల్లుడు వచ్చాడు, కోడలు వచ్చింది, రేజరు వచ్చింది. క్రియ దగ్గర కోడలికీ రేజరుకీ తేడా లేదు. బహువచనంలో పరిస్థితి మారుతుంది. అల్లుళ్ళు వచ్చారు, కోడళ్ళూ వచ్చారు, రేజర్లు మాత్రం వచ్చాయి. ఒంటరిగా ఉన్న స్త్రీని వస్తువుల వరసలో, నలుగురితో కలిసిన స్త్రీని మనుషుల వరసలో కూర్చోబెట్టే వ్యాకరణం మనది.

ప్రకటనలు తీసేవాళ్ళు బాలవ్యాకరణం చదివి ఉంటారని మేము అనుకోం. కానీ టీవీలో వాషింగ్ మెషీన్ పక్కన, గ్యాస్ స్టవ్ పక్కన, నేల తుడిచే ద్రవం పక్కన ఇల్లాలు ఎప్పుడూ ఏకవచనంలోనే ఉంటుంది. భర్త, పిల్లలు మరక అంటించడానికి వచ్చి వెళ్తారు. 1980లలో దూరదర్శన్‌లో సర్ఫ్ ప్రకటనలో లలితాజీ అని ఒకావిడ వచ్చేది. నిర్మా పొడి సర్ఫ్ కన్నా చవకగా దొరుకుతున్న రోజులవి. ఆవిడ కూరగాయల బజారులో బేరమాడి, చవక వేరు, మంచి కొనుగోలు వేరు అని తర్కం చెప్పేది. తలవంచి నవ్వే ఇల్లాలు కాదు, నోరున్న మనిషి. ఆ పాత్రని ఇప్పటికీ తలుచుకునేది అందుకే. అయితే లలితాజీ గారి తర్కమంతా ఏ పొడి కొనాలన్న దాని గురించే, ఎవరు ఉతకాలన్న ప్రశ్న ఆ బజారులోకి రాలేదు. కొనేటప్పుడు మహత్తు, ఉతికేటప్పుడు అమహత్తు.

ఆ ప్రశ్న 2015లో వచ్చింది, అదీ ఇంకో బట్టల పొడి ప్రకటనలోనే. ఉతకడం ఆడవాళ్ళ పనేనా అని ఏరియల్ అడిగింది. మరుసటి ఏడాది తీసిన దానిలో ఒక తండ్రి, కూతురు ఆఫీసు నుంచి వచ్చి ఇంటి చాకిరీ అంతా ఒక్కతే చేసుకోవడం చూసి, నీకిది నేర్పింది మేమే అని ఉత్తరం రాస్తాడు. చూసినవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. మేమూ ఒత్తుకున్నాం. భర్త ఉతికినా భార్య ఉతికినా పొడి డబ్బా ఖాళీ అవుతుందన్న సంగతి కన్నీళ్ళు ఆరాక గుర్తొచ్చింది.

‘కత్తి కేమి తెలియు’

కత్తికి తెలియకపోవడం నిజమే, కత్తి అమ్మేవాళ్ళకి బాగా తెలుసు. జిలెట్ కంపెనీ 1901లో పుట్టింది. పదిహేనేళ్ళు తిరక్కుండానే మగవాళ్ళ మొహాలతో తనివి తీరలేదు. 1915లో ఆడవాళ్ళ కోసమని బంగారు పూతతో ఒక రేజరు తెచ్చింది. చేతుల్లేని గౌన్లు ఫ్యాషన్లోకి వస్తున్న కాలం. చంకలో వెంట్రుకలు సిగ్గుపడవలసిన విషయమని అప్పటి అమెరికా పత్రికల్లో ప్రకటనలు మొదలయ్యాయి. సిగ్గు, రేజరు ఒకే పెట్టెలో వచ్చాయన్నమాట. పద్యంలో ‘పిక్క’ అనే మాటకి చోటు దొరికింది ఆ పెట్టె పుణ్యమే.

ప్రసంగవశాత్తు ఒక మాట. పండగ పొద్దున తలంటుకి మన ఇళ్ళలో కలిపే సున్నిపిండికి లింగం లేదు. అదే గిన్నెలోంచి పెళ్ళికూతురికీ, పెళ్ళికొడుక్కీ, ఏడుస్తున్న పసివాడికీ, విసుక్కుంటున్న తాతగారికీ నలుగు పెట్టేవారు. ఇప్పుడదీ డబ్బాలో వస్తోంది, డబ్బా మీద ఎవరి బొమ్మ ఉంటుందో చెప్పనక్కర్లేదు.

పెట్టె మార్చి పేరు నిలుపుకున్న ఉదాహరణ కావాలంటే మార్ల్‌బరో సిగరెట్టు. 1924లో దాన్ని ఆడవాళ్ళ సిగరెట్టుగా అమ్మారు, ఆ తర్వాత లిప్‌స్టిక్ మరక కనపడకుండా కొసకి ఎర్ర కాగితం కూడా చుట్టారు. ఫిల్టర్ సిగరెట్టంటే ఆడవాళ్ళదని మగవాళ్ళు మొహం చాటేస్తున్న 1950లలో అదే పేరుకి గుర్రం, టోపీ, కౌబాయ్ తగిలించారు. అంతే, మగతనానికి మారుపేరైంది. మన ఉత్తరాంధ్ర తీరంలో బెస్త స్త్రీలు చుట్టని నిప్పున్న కొస వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూ వచ్చారు, అంగిళ్ళు కాల్చుకున్నారు కూడా. వాళ్ళకి ఆ చుట్ట ‘మీది’ అని ఏ కంపెనీ వచ్చి చెప్పలేదు.

శంక

ఆడవాళ్ళ రేజరుకి పిడి వంపు వేరు, తల వెడల్పు వేరు, చుట్టూ సబ్బు పట్టీ ఉంటుంది, ‘ఒకటె’ అనడం కవి అజ్ఞానం కాదా?

సమాధానం

కొన్నింటికి నిజంగానే వేరు, కాదనం. వాడి పారేసే చవక రకాల్లో ఆ తేడా తరచు ప్లాస్టిక్ రంగు దగ్గరే ఆగిపోతుంది. సరే, సుకుమారమైన చర్మానికని రేజరుకి సాకు ఉందనుకుందాం, పైన చెప్పిన స్కూటరుకి ఏ చర్మం?

మళ్ళీ శంక. దీనికి చట్టం లేదా?

కాలిఫోర్నియాలో ఉంది. దాదాపు ఒకేలాంటి వస్తువుకి ఆడ, మగ పేరు మీద ధర మార్చకూడదని 2023 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర ఎమ్మార్పీకి మించి అమ్మడం తప్పు, ఎమ్మార్పీనే రంగును బట్టి ముద్రించుకుంటే అడిగేవాళ్ళు లేరు. ప్రకటనల్లో బొమ్మల సంగతికి వస్తే, ఆడ, మగ మూస పాత్రల మీద మన ప్రకటనల ప్రమాణాల మండలి 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. బ్రిటన్‌లో 2019లో నిషేధ నియమమే తెచ్చారు. దాని కింద మొదట ఆగిన రెండు ప్రకటనల్లో ఒకటి స్త్రీని పిల్లల బండి పక్కన కూర్చోబెట్టిన కారుది. రెండోది, తిండి ధ్యాసలో పడి పసిపిల్లల్ని హోటల్లో ప్లేట్లు తిప్పే బెల్టు మీద మరిచిపోయిన తండ్రులది. మగవాడంటే చేతకానివాడన్నదీ మూసేనని తీర్పు.

అలంకారం

ఒకే వస్తువు ఒకరికి ఒకలా, మరొకరికి మరొకలా తోచింది కనుక ఉల్లేఖం అని కొందరు. మాకు విశేషకం అనిపిస్తుంది. రెండు వస్తువులు పోల్చుకోలేనంతగా కలిసిపోయి ఉండగా ఏదో ఒక కారణం చేత తేడా బయటపడితే అది విశేషకమని అప్పయ్య దీక్షితుల కువలయానందం. అక్కడి ఉదాహరణలో చెరువు నిండా తామరలూ, స్త్రీల ముఖాలూ కలిసిపోయి ఉంటాయి. చంద్రోదయమయ్యాక తామరలు ముడుచుకోవడంతో ముఖాలేవో తెలుస్తుంది. ఇక్కడ ఆ చంద్రుడి ఉద్యోగం బిల్లు చేస్తోంది. ముడుచుకునేది ఏదన్నది పాఠకుల ఊహకి వదిలాం.

చివరి శంక

మగవాడు మరిచిపోయి కెంపు పెట్టెలోని రేజరుతో గడ్డం గీసుకుంటే దోషమా?

దోషం కాదు, మార్కెట్ అవకాశం. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీని ఇంట్లో ఆడవాళ్ళ డబ్బాలోంచి మగవాళ్ళు చాటుగా రాసుకునేవారు. 2005లో ఇమామీ వాళ్ళు ఫెయిర్ అండ్ హ్యాండ్సమ్ తెచ్చి ఆ చాటు తీసేశారు. ఆడపిల్లల క్రీము రాసుకుంటావా అని షారుఖ్ ఖాన్ చేత వెక్కిరింపించారు. తెలుపు కావాలన్న కోరికని ఎవరూ వెక్కిరించలేదు, డబ్బానే వెక్కిరించారు. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ వాళ్ళు క్రీము పేరులోంచి తెలుపు తీసేసి ఆడవాళ్ళకి గ్లో అండ్ లవ్లీ అనీ, మగవాళ్ళకి గ్లో అండ్ హ్యాండ్సమ్ అనీ మార్చుకున్నారు. హ్యాండ్సమ్ మాది అంటూ ఇమామీ అడ్డం తిరిగింది, ఇద్దరూ కోర్టుకెక్కారు. అందగాడు అన్న మాట ఎవరి సొత్తో న్యాయస్థానాలు విచారించిన తీరుకి ప్రత్యేకంగా ఒక టీక కావాలి. గ్రంథవిస్తర భీతిచేత ఆ పనికి పూనుకోవడం లేదు.