ఏరు పొంగింది, రసీదు బుక్కు తీయండి

తుంగభద్రకు మళ్లీ పెద్ద వరద రావడం ఖాయం. ఆ రోజుకు మీ సేవాసంస్థ సిద్ధంగా లేకపోతే పక్క మండలం సంస్థ బాగుపడుతుంది. 2009 అక్టోబర్ 2 గుర్తుందా? గాంధీ జయంతి, ఆఫీసులకు సెలవు. ఎగువన కురిసిన వానలకు కృష్ణ, తుంగభద్ర రెండూ ఒక్కసారే మీద పడ్డాయి. 19 లక్షల క్యూసెక్కులు దాటదన్న లెక్కతో కట్టిన శ్రీశైలానికి 25 లక్షలకు పైగా వచ్చింది. అవతల కర్నూలు, ఇవతల పాలమూరు జిల్లాలో అలంపురం, రాజోలి మునిగాయి. రాజోలిలో మగ్గం గుంటల నిండా ఒండ్రు. చందాలు ఊరూరా పోగయ్యాయి, సముద్రాలు దాటి కూడా వచ్చాయి. మనమేమో అనుభవం లేక సగం పైగా నిజంగానే పంచేశాం. ఈసారి ఆ పొరపాటు జరక్కుండా ఈ చిట్కాలు దగ్గర పెట్టుకోండి.

1. విజ్ఞప్తి పత్రం ఇప్పుడే అచ్చు వేయించండి. "బాధితులు" అనే మాటకు ముందు జాగా ఖాళీగా వదలండి. 2009లో జూలై, ఆగస్టుల్లో కరువు. కరువు బాధితులకని పత్రాలు కొట్టించినవాళ్లు అక్టోబర్‌లో వాటిని మూటగట్టి అటకెక్కించుకోవాల్సి వచ్చింది. ఖాళీ వదిలి ఉంటే పెన్నుతో "వరద" అని రాస్తే సరిపోయేది. కరువు, వరద, వడగళ్లు, కరోనా, ఏదైనా ఆ జాగాలో పడుతుంది. అక్షరాలు మాత్రం వణుకుతూ రాయండి, హడావుడిలో రాసినట్టుంటుంది.

2. బాధితుడిని ఏం కావాలని అడగకండి. అడిగితే చెబుతాడు, అక్కడే చిక్కు. గుంటమగ్గం మునిగినవాడికి కావలసినవి బురద తోడే మనుషులు, కొత్త అచ్చు, పడుగుకు నూలు, అంచుకు పట్టు, జరీ, సావుకారి బాకీకి ఆరు నెలల గడువు. వీటిలో ఒక్కటీ ఫోటోలో బాగా పడదు. బాకీకి గడువు ఇప్పించామని ఫ్లెక్సీ ఎలా కడతారు?

అందుకని పాత చీరలు పంచండి. అవునండీ, గద్వాల చీరలు నేసే రాజోలిలోనే. నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం పద్ధతిలో కలిపే ఇల్లాలి చేతిలో, హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల నుంచి వచ్చిన మూటలోని నైలాన్ చీర పెట్టండి. ఆమె మడత విప్పి, అంచు దగ్గర రెండు వేళ్లతో నలిపి, వెలుతురుకు ఎత్తి చూస్తుంది. అది చేతికున్న అలవాటు. మీరు దాన్ని కృతజ్ఞత అని రాసుకోండి. ఫోటో కూడా అప్పుడే కొట్టండి, చీర ఎత్తి పట్టుకున్నప్పుడు మొహం మీద మంచి వెలుగు పడుతుంది.

3. కిట్టు. సేవ అంటే కిట్టే, ఇందులో మారు మాట లేదు. అయిదు కిలోల బియ్యం, కిలో కందిపప్పు, నూనె ప్యాకెట్, కారం పొట్లం, ఒక సబ్బు. నూనె ప్యాకెట్ సంచిలో పైకి కనబడేలా పెట్టండి. సంచి మీద దాత బొమ్మ ఒకవైపు, మీ బొమ్మ రెండువైపులా. రెండు వైపులున్న సంచి మీద ఇన్ని బొమ్మలెలా పడతాయని అడిగే వాలంటీర్‌ను వెంటనే మాన్పించండి.

పంచేటప్పుడు ఒక్కో కిట్టును ఆరుగురు పట్టుకోవాలి. తీసుకునే మనిషి చెయ్యి అడుగున ఎక్కడో ఉంటే చాలు. కెమెరా సరిగా పడలేదంటే కిట్టు వెనక్కి తీసుకుని మళ్లీ ఇవ్వండి. ఒకే కిట్టు మూడుసార్లు ఇస్తే లెక్కలో మూడు కిట్లవుతాయి. (నేను చెప్పలేదు, మీకే తట్టిందనుకోండి.)

4. డబ్బు దారి. ఇక్కడ చట్టాలు కాస్త అడ్డం పడతాయి, బెంబేలెత్తకండి. అమెరికా పౌరసత్వం తీసుకున్న డల్లాస్ బాబాయి పంపితే అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ కావాలి, 2020 సవరణ తర్వాత ఆ సొమ్ము ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చులకు అందులో 20 శాతం మించకూడదు, అంతకుముందు 50 దాకా ఉండేది. ఇంకో సంస్థకు అందించడానికీ వీల్లేదు. అదే డల్లాస్‌లో అదే వీధిలో ఉండి, ఇంకా ఇండియన్ పాస్‌పోర్టుతోనే ఉన్న తమ్ముడు సొంత సంపాదనలోంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. ఈ తేడా తెలుసుకోవాలంటే ఆడిటర్ దగ్గరికి పోవాలి, ఆయన ఫీజు అడుగుతాడు. ఎందుకొచ్చిన గొడవ? ఇద్దరికీ మీ బావమరిది ఫోన్‌పే నంబర్ ఇవ్వండి.

స్థానిక దాతల దగ్గర నగదే ముద్దు. రెండు వేలు దాటిన నగదుకు 80జీ కింద పన్ను మినహాయింపు రాదు, ఆ సంగతి మార్చి నెలాఖరున చెబుదురుగాని. చెక్కు ఇస్తానన్న మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమానితో "మీలాంటివారికి చెక్కు ఎందుకండీ" అని నవ్వండి. ఎందుకు నవ్వారో ఆయనకు అర్థం కాదు. అర్థం కానప్పుడు పెద్దమనుషులు జేబులో చెయ్యి పెడతారు.

5. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, రెవెన్యూ వాళ్లు పంచే బియ్యం లారీ పక్కన మీ బ్యానర్ కట్టండి. తహసీల్దార్ చూసేలోపు రెండు ఫోటోలు, చూశాక ఆయనకో శాలువా.

6. లెక్క చెప్పమంటే బాధపడండి. జవాబు కంటే బాధ బాగా పనిచేస్తుంది. "అన్నా, మీరు కూడా నన్ను అడుగుతున్నారా" అని గొంతు తగ్గించండి. సర్దుకోకపోతే ఈ క్రమంలో వెళ్లండి: మొదటి నెల ఆడిటర్ ఊళ్లో లేడు. రెండో నెల బిల్లులు వరదలో తడిశాయి. వరద తర్వాత కొన్నవాటి బిల్లులు వరదలో ఎలా తడిశాయని అడిగేంత తీరిక దాతకు ఉండదు. మూడో నెల మీకు ఒంట్లో బాగుండదు. నాలుగో నెలకు ఇంకో విపత్తు రానే వస్తుంది, అప్పుడు ఆయనకే ముందుగా ఫోన్ చేయండి. ఇంతకుముందు ఇచ్చినవాడిని మించిన దాత లేడు. ఏటా మే 31లోపు దాతల వివరాలు ఆదాయపన్ను శాఖకు 10బీడీ ఫారంలో పంపాలన్న నిబంధనను ఆయన ఎత్తితే మాత్రం ఆ నంబర్ బ్లాక్ చేయండి, ఆయన మీ వాడు కాదు.

7. ఫోటోకు గడువు తేదీ లేదు. నల్లగొండ వాళ్లు ఈ విషయంలో అదృష్టవంతులు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వంగిన కాళ్లు, బిగిసిన నడుములు దశాబ్దాలుగా ప్రపంచం చూసింది. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లా వచ్చింది, ఫ్లోరైడ్ నీటి బెడద ఉన్న ఊళ్లు ఇక లేవని 2020లో కేంద్రమే చెప్పింది. మీ సంస్థకు ఇది పిడుగులాంటి వార్త, కానీ లోలోపలే ఏడవండి. పాత ఫోటో ఉంది కదా, దానికి నలుపు తెలుపు రంగులు వేసి "ఇప్పటికీ..." అని మొదలుపెట్టి చుక్కలు వదిలేయండి. చుక్కల్లో అబద్ధం లేదు. ఫోటోలో ఉన్న మనిషికి ఇవాళ పింఛను, మోకాళ్ల నొప్పికి మందు కావాలేమో, ఆ సంగతి రెండో చిట్కాలోనే తేల్చేశాం.

పటిక, సున్నంతో బకెట్లోనే ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు ఆ జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. దాని జోలికి పోకండి. చవక. బకెట్ మీద శిలాఫలకం నిలబడదు.

8. దాత స్వయంగా చూస్తానని బయల్దేరితే అదే అసలు పరీక్ష. డిసెంబర్‌లో వస్తాడు, కుటుంబంతో. బీచుపల్లి వంతెన దగ్గర కారు ఆపించి హనుమంతుడి గుడి చూపించండి, కృష్ణలో నాణెం వేయించండి. అలంపురంలో జోగులాంబ దర్శనం, నవబ్రహ్మ ఆలయాలు, భోజనం. నిదానంగా తినిపించండి. చలికాలపు పొద్దు ఎంతసేపు ఉంటుంది గనక. అయినా రాజోలి పోదామని పట్టుబడితే మీకు ముందే తెలిసిన ఇంటికే తీసుకెళ్లండి. గడపలో ఆయనకు ఫోన్ వస్తుంది, మాట్లాడుకుంటూ వీధి చివరికి వెళతాడు. పదహారేళ్ల కొడుకొక్కడే లోపలికి వస్తాడు. న్యూజెర్సీలో పుట్టినవాడు, తెలుగు రాదు.

ఆ పిల్లవాడు మగ్గం గుంటలోకి తొంగి చూస్తాడు. ఎండి బీటలు వారిన ఒండ్రు, అందులో సగం దిగబడిన నాడె. నేతగాడు వాడికేసే చూస్తూ అంటాడు: "బియ్యం శాన ఇచ్చిండ్రు బాబూ, ఇంక వద్దు. ఈ బురద తీయనీకె ఇద్దరు మనుషుల్ని పంపుండ్రి, పట్టు, నూలు ఇప్పియ్యుండ్రి. నా తిండి నేను తింట."

ఏమంటున్నాడని పిల్లవాడు మిమ్మల్ని అడుగుతాడు. ఇంకా కిట్లు కావాలంటున్నాడని చెప్పండి.