టోబీగారి తొలి సమీక్ష

1936లో జాన్ స్టయిన్‌బెక్ కొత్త నవల రాతప్రతిని ఆయన కుక్కపిల్ల టోబీ సగం నమిలేసింది.

రెండు నెలల కష్టం. వేరే నకలు లేదు.

నవల పేరు ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’. అంటే ఎలుకలూ మనుషులూ. పిల్లి తిన్నా ఓ అర్థముండేది!

శిక్ష? ఓ మామూలు దెబ్బ. విమర్శకుడిగానే నమిలిందేమోనని ఆయనకే అనుమానం. (మన సమీక్షకులు సగందాకా వెళితే గొప్ప.)

అంత పెద్దమనసు అందరికీ ఉండదు. 1420 ప్రాంతంలో, డెవెంటర్ అనే ఊళ్లో ఓ లేఖకుడు రాత్రి పుస్తకం తెరిచి వదిలేశాడు. పిల్లి వచ్చి ఉచ్చపోసింది. పొద్దున్నే లాటిన్‌లో శాపనార్థాలు! మరక పక్కన పిల్లి బొమ్మ, వేలు చూపిస్తున్న చేతులు కూడా గీశాడు.

ఒక్క వేలూ తనవైపు తిరగలేదు.

ఆరువందల ఏళ్ల తర్వాత జనం చూసేది ఆ పేజీనే. మిగతా పేజీల్లో ఏముందని అడిగిన పాపాన పోలేదు.

మా ఇంట్లోనూ నిన్న తపాలాబిళ్లల ఆల్బమ్ స్వాహా. కుక్క మీద కర్రెత్తాను.

‘‘ఆల్బమ్ మంచం కింద పెట్టిందెవరు?’’ అంది మా ఆవిడ.

కుక్క తోకూపింది.