“స్వల్ప ఉపరితల తుప్పు”: టీకా తాత్పర్య సహితం

మూలం: “1973 బీఎండబ్ల్యూ 3.0 సీఎస్ఐ కూపే. కార్మన్ నిర్మితం. వయసుకు తగిన పటీనా. స్వల్ప ఉపరితల తుప్పు. యాంత్రికంగా దృఢం. సహృదయుడైన యజమాని కోసం నిరీక్షణ.”

అవతారిక: పాత జర్మన్ కార్లు అమ్మేవారందరికీ ఇది ఉమ్మడి శ్లోకం. కర్త అజ్ఞాతుడు, లేఖకులు అసంఖ్యాకులు. పాఠభేదాలు తక్కువ, ధరభేదాలు ఎక్కువ.

టీక: “బీఎండబ్ల్యూ”, “కూపే” సులభగ్రాహ్యాలు, వదిలేశాం. “1973” అంటే 1968లో పుట్టి 1975లో ఆగిన బీఎండబ్ల్యూ ఈ9 కూపేల వంశపు నడివయసు. “3.0 సీఎస్ఐ” అంటే 2985 సీసీ, ఆరు సిలిండర్లు, పెట్రోల్ ఇంజెక్షన్, 200 హార్స్‌పవర్. “కార్మన్” ఓస్నాబ్రుక్‌లో బాడీలు కట్టిన సంస్థ. “పటీనా” అంటే కాలంతో, వాడకంతో వచ్చిన పాతదనపు ఛాయ.

“ఉపరితల తుప్పు”: ఇక్కడ దర్శనభేదం ఉంది. తుప్పు ఉక్కులో ముందే ఉందా, కొత్తగా పుట్టిందా?

సాంఖ్యులది సత్కార్యవాదం. నువ్వుల్లో నూనెలా కార్యం కారణంలోనే దాగి ఉంటుంది, వ్యక్తం కావడమే తరువాయి. ఈ కారుకు ఈ మతం అతికినట్టు సరిపోతుంది. చక్రాలు చిమ్మే బురద ముందు మడ్‌గార్డుల లోపలి మూలల్లో చేరుతుంది. చేరినది బయటపడే దారి సరిగా లేదు. చలికాలంలో జర్మనీ రోడ్ల మీద చల్లే ఉప్పు దానికి తోడవుతుంది. కనుక తుప్పు ఓస్నాబ్రుక్‌లోనే అవ్యక్తంగా ఉండెను.

నైయాయికులు ఒప్పుకోరు. ముందు ఉక్కు, ఆపైన నీరూ ప్రాణవాయువూ, తర్వాతే తుప్పు అంటారు. రసాయనశాస్త్రం వీరి పక్షమే. వీరి అనుమాన ప్రమాణం మరీ పనికొస్తుంది: పొగ ఉన్నచోట నిప్పు, పెయింటు పొక్కిన చోట తుప్పు. ఇనుము తుప్పుగా మారితే ఉబ్బుతుంది, ఉబ్బి రంగును పైకి తోస్తుంది. పొక్కు కనబడేసరికి చాలాసార్లు తుప్పు రేకును లోపలి నుంచే తినేసి ఉంటుంది.

బౌద్ధుల క్షణికవాదం ప్రకారం నిన్న చూసిన రేకు ఇవాళ లేదు. ఇందులో వాదానికేమీ లేదు. అమ్మేవాడు మాత్రం మాయావాది: తుప్పు కనబడుతుంది గాని సత్యం కాదు. ధర ఒక్కటే పారమార్థికం.

ఇంతకీ మనం ఉన్నది “ఉపరితలం” దగ్గర. ఈ కూపేకు తలుపు వెనక స్తంభం లేదు. పక్క అద్దాలన్నీ దించితే ముందు నుంచి వెనకదాకా అడ్డంలేని ఆ కిటికీ కోసమే జనం దీన్ని మోహిస్తారు. విడిగా ఛాసిస్ కూడా లేదు. బరువు చాలావరకు తలుపుల కింది సిల్స్ మీద, ఫ్లోరు మీద పడుతుంది. పుచ్చేవి సరిగ్గా అవే. ముందు సస్పెన్షన్ స్ట్రట్ పైకొసను బిగించే గూళ్లదీ అదే గతి. వాటికి లప్పం పూసి, అడుగున నల్లటి అండర్‌కోటింగ్ కొట్టి, “ఉపరితల” అని రాయడం కవిత్వం కాదు, మోసం. కొన్నవాడు రేకు కోయించి వెల్డింగ్ చేయించుకునే ఖర్చు కొన్న ధరను మించిపోవచ్చు.

“యాంత్రికంగా దృఢం”: ఇది సగం నిజం. ఇంజన్ గట్టిదే. అతిగా వేడెక్కితే అల్యూమినియం హెడ్ వంగుతుంది, పగులుతుంది. కామ్‌షాఫ్ట్ మీద ఆయిల్ చల్లే గొట్టం బోల్టులు వదులైతే కామ్ అరుగుతుంది. కానీ ఇవి నోరున్న జబ్బులు. టెంపరేచర్ ముల్లు లేస్తుంది, హెడ్‌లో టకటక మొదలవుతుంది. తుప్పు మౌని. అందుకే ప్రకటనలో ఇంజన్‌కు స్తోత్రం, రేకుకు విశేషణం.

“సహృదయుడు”: కవి చెప్పక వదిలినదాన్ని తానే పూరించుకునేవాడు. ఇక్కడ ఫ్లోరును పూరించుకోవాలి.

తాత్పర్యం: ఎక్కడ కోశారు, ఎంత రేకు మార్చారు, వెల్డింగ్ అప్పటి ఫొటోలేవి? ఇవి రాస్తే ప్రకటన పెరుగుతుంది, ధర తగ్గుతుంది. కాబట్టి రాయరు. చూడబోయేవారు పెయింటు గీసుకోకుండా గుడ్డ చుట్టిన అయస్కాంతం తీసుకెళ్లండి. మందంగా లప్పం ఉన్నచోట అది అంటదు. తేలిక రకమైన సీఎస్ఎల్‌కు తలుపులు, బానెట్, డిక్కీ మూత అల్యూమినియంవి గనుక అక్కడ అంటకపోతే అమ్మేవాణ్ని ఏమీ అనకండి. సిల్స్ దగ్గర అంటకపోతే అనండి.