రాజుగారికిచ్చిన కొండ

నా ఎత్తు చూసి నవ్వకండి, నేను కొండనే. ఫ్రాన్సులో నార్మండీ తీరాన, పోటు బలంగా వస్తే ద్వీపమైపోయే మాన్ సాన్ మిషెల్ కొండా, దాని నెత్తిన ఉన్న మఠమూ అంతా నేనే, కాకపోతే 144వ వంతు కొలతలో. అక్కడ 144 అడుగులుంటే నా ఒంటి మీద ఒక్క అడుగు. 17వ శతాబ్దంలో ఆ మఠంలోనే ఉండే ఓ బెనెడిక్టిన్ క్రైస్తవ సన్యాసి చేతుల్లో పుట్టాను. ఆయన మెట్లను వదల్లేదు, గోడల మీది బొమ్మలనూ వదల్లేదు.

1701లో నన్ను పద్నాలుగో లూయీ రాజుకు సమర్పించారు. ముచ్చట కోసమనుకునేరు! కోటల నమూనాలంటే ఆ రోజుల్లో యుద్ధ దస్త్రాలు. ఏ గోడ ఎక్కడుందో శత్రువుకు తెలిస్తే ఇంకేముంది? అందుకే సామాన్యుల కంటపడకుండా దాచారు. 1777లో ఆ నమూనాలు లూవ్ర్ రాజభవనం నుంచి పారిస్‌లోనే ఉన్న ఇన్వాలీడ్ భవనానికి చేరాయి. ఫ్రెంచి విప్లవకాలంలో అసలు మఠం చెరసాలైంది. అక్కడి పుస్తకాలు దగ్గర్లోని ఆవ్రాంష్ పట్టణానికి తరలిపోయాయి. వాటిలో దాదాపు 200 రాతప్రతులు ఇప్పటికీ ఆ ఊళ్ళోనే భద్రంగా ఉన్నాయి. వాటినైతే తెరిచి చదువుకోవచ్చు. నన్నెలా చదువుతారు? చుట్టూ ఓ ప్రదక్షిణం చేసి, "భలే ఉందే" అని సాగిపోయేవారు.

2018లో నన్ను చదివించే కళ్ళద్దాలొచ్చాయి. పేరు హోలోలెన్స్. ముందుగా ఐకొనెమ్ సంస్థవాళ్ళు నన్ను నఖశిఖపర్యంతం ఫోటోలు తీశారు. వాటిని ఒకదానితో ఒకటి సరిపోల్చి కంప్యూటర్లో నాకో జంటను నిలబెట్టారు. ఆ జంటను కళ్ళద్దాలు గాలిలో వెలుగుబొమ్మగా చూపిస్తాయి. వాటి కెమెరాలు గదినంతా కొలుచుకుంటాయి. అందుకే మనిషి ఎటు నడిచినా ఆ బొమ్మ ఉన్నచోటే ఉంటుంది. అద్దం అవతలికి కనిపించే రకం కాబట్టి నేనూ కనిపిస్తాను, బొమ్మా కనిపిస్తుంది. తోలుబొమ్మలాటలో దీపం తెర వెనకుంటే, ఇక్కడ చూసేవాడి నుదుటి మీదే ఉందన్నమాట.

నాకు చేతకానిది ఆ వెలుగుకు చేతనైంది: కాలాన్ని కదిలించడం. నేను పుట్టిన శతాబ్దం దగ్గరే ఆగిపోయాను. 1421లో కూలిన చర్చి తూర్పు భాగం నాలో కూలదు. ఇవాళ్టి ఫోటోల్లో మెరిసే దేవదూత విగ్రహం శిఖరమెక్కింది 1897లో. ఆ విగ్రహాన్ని నేనెరగను.

2019లో ఈ వైభవంతోనే అమెరికాలోని సియాటెల్ దాకా వెళ్ళాను. తీరా చూస్తే 2024లో హోలోలెన్స్ తయారీయే ఆగిపోయింది. నేను మాత్రం 300 ఏళ్ళు దాటి నిక్షేపంగా ఉన్నాను. రేపు మరో యంత్రం వస్తుంది, రానివ్వండి. అదీ నా దగ్గరికొచ్చే కొలతలు తీసుకోవాలి. కాబట్టి దస్త్రాలు కాపాడే వాళ్ళందరికీ ఒకటే మనవి: కొత్త కళ్ళద్దాలకు డబ్బు కేటాయించేటప్పుడు చెమ్మకూ చెదలకూ కూడా ఒక పద్దు రాయండి.