రాళ్ల పంట

పామర్రు సెంటర్లో సైరన్ మోగిందంటే, బందరు వైపు ఎవరో రాయి వేయడానికి వెళ్తున్నట్టే. బందరు పోర్టుకు 2008లో వైఎస్ ఒకటి వేశారు, 2019లో చంద్రబాబు ఒకటి, 2023లో జగన్ ఇంకొకటి. చోటు మారింది, రాయి మారింది, పోర్టు మాత్రం అదే. డెల్టాలో రెండో పంటకే నీళ్లు చాలవు గానీ, శంకుస్థాపన మూడో పంటగా బాగానే పండింది.

ఆ పక్కనే గిలకలదిండి చేపల రేవు. సముద్రపు మొగలో మేట వేయడంతో బోట్లు పోటు కోసం కాచుకుంటాయి. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. ఆ రోజులకు మత్స్యకారులకిచ్చే భృతిని 2025లో 20,000 రూపాయలు చేశారు. అంటే రోజుకు 328 రూపాయలు, ఇంటిల్లిపాదికీ! (పండుగప్ప కిలో ధర అడక్కండి.)

వచ్చేసారి రాయి వేసే పెద్దలకు ఒక్క మనవి: మొగలో మాత్రం వేయకండి బాబూ, అసలే పూడిపోయింది.