జలపాత స్నాన పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

ఆ. తోట నడచి చేరి తొడిగి జాకెట్టును
నీట దిగుము కాని నెత్తిపైన
రాలు పడెడు తావు రాకు మెన్నడుగూడ
ఈల విన్నయంత నెక్కు గట్టు

అవతారిక

పద్యానికి ముందు దాని సందర్భాన్ని విప్పి చెప్పే మాటను అవతారిక అంటారు. ఈ ఆటవెలది ప్రాచీనం కాదు, తాళపత్రాల్లో దొరికినదీ కాదు. మూలమంటూ ఒకటి లేకపోతే వ్యాఖ్యాతకు కాలూ చేయీ ఆడవు గనుక, హవాయి దీవుల్లోని ఒవాహు ద్వీపపు ఉత్తర తీరాన వైమేయ లోయను చూడబోయే యాత్రికుడికి చెప్పవలసినదంతా నాలుగు పాదాల్లోకి కుదించి కట్టినది. ఆ లోయ ఉష్ణమండల వృక్షోద్యానం, అంటే మొక్కలను కేవలం అందం కోసం కాక జాతులవారీగా, పుట్టిన దేశాలవారీగా నాటి, పేరు పలకలు తగిలించి శాస్త్రదృష్టితో పెంచే తోట. దాని చివర సుమారు 45 అడుగుల జలపాతమూ, దాని కింద ఈదదగిన మడుగూ ఉన్నాయి. పూర్వం పూజారుల లోయగా పేరుపడిన ఈ చోటు గత శతాబ్ది చివరి దశాబ్దాల్లో వినోదస్థలంగా మారి, కొండ చరియ మీదినుంచి మడుగులోకి దూకేవారి విన్యాసాలతో జనాన్ని ఆకర్షించి, 2006లో హవాయి మూలవాసుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ చేతికి వచ్చింది.

టీక

తోట = ఉద్యానవనమును; నడచి = కాలినడకను దాటి (రుసుము పుచ్చుకొని ఎక్కించుకొనే బండిలో కాదని ధ్వని); చేరి = జలపాతము కడకు వచ్చి; జాకెట్టును = నీటిపై మనిషిని తేల్చియుంచు కవచమును; తొడిగి = వేసికొని, బిగించుకొని; నీట దిగుము = మడుగులో ప్రవేశింపుము; కాని = అయినప్పటికిని; నెత్తిపైన = తలమీద; రాలు = రాళ్లు; పడెడు తావు = పడునట్టి చోటికి; ఎన్నడుగూడ = నీరు ఎంత శాంతముగా ఉన్నను; రాకుము = రావలదు; ఈల = ఈతకొట్టువారిని కాచెడు కాపరి ఊదెడు విజిలు; విన్నయంతన్ = చెవిని పడినంతనే; గట్టు ఎక్కు = ఒడ్డు చేరుము.

తాత్పర్యం

ఓ యాత్రికుడా, తోటంతా నడిచి, జలపాతం చేరి, లైఫ్ జాకెట్టు వేసుకొని ఈదు. రాళ్లు రాలే చోటికి పోకు. విజిలు మోగితే మారు మాట్లాడకుండా ఒడ్డెక్కు.

విశేషాలు

పద్యంలోని మొదటి మూడు క్రియలు, నడచి, చేరి, తొడిగి అనేవి క్త్వార్థకాలు, అంటే తమంత తాము వాక్యాన్ని ముగించలేక మరో క్రియ కోసం ఎదురుచూసే అసమాపక క్రియలు. ఆ ఎదురుచూపునే శాస్త్రం ఆకాంక్ష అంటుంది. అది 'దిగుము' అనే సమాపక క్రియతో గాని తీరదు. యాత్రికుల ప్రవర్తనకు ఈ వ్యాకరణం అచ్చంగా సరిపోతుంది. ద్వారం దాటిన మరుక్షణం నుంచి వారి చూపు మడుగు మీదే ఉండి, ముప్పావు మైలు బాటకు అటూ ఇటూ ఉన్న వేల రకాల మొక్కలు ఒక్క 'నడచి'లో కలిసిపోతాయి. వాక్యంలో అప్రధానమైన మాట అర్థంలో కూడా అప్రధానమే కావాలన్న నియమం ఏ శాస్త్రంలోనూ లేదు. ఈ వ్యాఖ్య అభిప్రాయంలో పద్యసారమంతా ఆ 'నడచి'లోనే ఉంది, మిగిలిన మూడున్నర పాదాలు భద్రతా సూచనలు.

'ఆ మొక్కలు మన పెరట్లోవే కదా, వాటికోసం సముద్రాలు దాటి వచ్చి ఆగడమెందుకు' అని పూర్వపక్షం, అంటే ఖండించడానికి ముందుగా ఎత్తే ఎదుటివాదం. నిజమే, హవాయి మూలవాసుల పంటలు పెంచే మడుల దగ్గర తెలుగువారికి పరిచయం చేయవలసిన మొక్కలు తక్కువ: కొబ్బరి, అరటి, చెరకు, చేమ, పసుపు. అయితే ఇవేవీ ఆ దీవుల్లో వాటంతట అవి మొలిచినవి కావు. పాలినీషియా నావికులు వేల మైళ్ల సముద్రం మీద జంట పడవల్లో దుంపగానో, పిలకగానో, కాయగానో మోసుకొచ్చి నాటినవి, అందుకే వీటిని పడవ మొక్కలంటారు. మన దగ్గర పులుసులోకో వేపుడులోకో పోయే చేమదుంప అక్కడ ఉడికించి దంచి ముద్దగా తినే ప్రధానాహారం కావడమే గాక, వారి పురాణకథలో మనుషులకంటే ముందు పుట్టిన అన్నగారు. పసుపును 'ఓలెన' అని పిలిచి, బట్టలకు రంగు వేయడానికీ, సముద్రపు నీటిలో కలిపి చిలకరించి మనుషులనూ చోట్లనూ శుద్ధి చేయడానికీ వాడారు. పసుపునీళ్ల సంగతి తెలిసిన వారెవరైనా ఆ పలక ముందు రెండు నిమిషాలు నిలబడటం న్యాయం.

పూర్వపక్షానికి అసలు సమాధానం హవాయి దీవుల స్వంత చెట్ల దగ్గర ఉంది. 'కోకియా కుకియై' అనే చెట్టు పత్తికి దగ్గరి బంధువు, బెండకూ మందారానికీ కాస్త దూరపు చుట్టం. పూలు పెద్దవి, నారింజ కలిసిన ఎరుపు. మొలొకాయి దీవిలో తప్ప మరెక్కడా పుట్టని ఈ జాతి నశించిందని శాస్త్రజ్ఞులు తేల్చిన తరువాత 1970లో ఒకే ఒక్క చెట్టు కనిపించింది. 1978లో నిప్పంటుకొని అదీ పోయింది. దాని కొమ్మనొకదాన్ని దక్కించుకొని దగ్గరి జాతి మొక్కకు అంటు కట్టారు. అంటు అంటే ఒక మొక్క వేరుమొదలుపై మరో మొక్క కొమ్మను అతికి బతికించడమని మామిడి తోటలున్న వారికి వేరే చెప్పనక్కర లేదు. ఇప్పుడున్న ఆ జాతి మొక్కలు ఆ అంటు సంతానమే, చాలావరకు సొంత వేళ్లు లేక పరాయి వేళ్ల మీద బతికేవే. వాటిని పెంచి నిలిపిన తోటల్లో వైమేయ ఒకటి. అలాంటి తోటలో మొక్కల ముందు ఆగకుండా మడుగుకు పరుగెత్తేవాడిని క్షమించడానికి వ్యాకరణం ఒప్పుకున్నా వ్యాఖ్యానం ఒప్పుకోదు.

నీటికుంటల అంచున ఒక నల్లని పక్షి తిరుగుతుంది. ముక్కు ఎర్రన, ముక్కు కొన పసుపు, ముక్కు మీదినుంచి నొసటిదాకా పాకిన లక్కరంగు బిళ్ల. 'అలయె ఊల' అనే ఈ నీటికోడి ఇప్పుడు ఒవాహు, కవాయి దీవుల్లో మాత్రమే మిగిలింది. మనుషులకు నిప్పు తెచ్చిపెట్టినప్పుడు దాని నొసలు కాలిందని స్థానికుల కథ. దానిని వదిలి అదే బాటలో తిరిగే నెమళ్లకు ఫొటోలు తీసే భారతీయ యాత్రికుల రుచి గురించి ఈ వ్యాఖ్య మౌనం వహిస్తుంది.

ఇక 'జాకెట్టు'. తెలుగు ఇళ్లలో ఈ మాటకు రవిక అన్న అర్థమే రూఢి అయినా, సందర్భాన్ని బట్టి ఇక్కడ తేల్చే కవచమనే గ్రహించాలి. గజ ఈతగాళ్లకు ఇది వర్తించదని కొందరు వాదిస్తారు గాని, వైమేయలో కవచం లేనిదే ఎవరినీ మడుగులోకి దిగనివ్వరు. అక్కడే ఉచితంగా ఇస్తారు కూడా. గోదావరి ఈదినవాడు సైతం నారింజరంగు కవచంలో బెండులా తేలక తప్పదు.

మూడో పాదంలో 'తావు' అన్న మాటకు 'కు' ప్రత్యయం లేకపోవడం దోషమని ఆక్షేపణ. ఛందస్సు కోసం విభక్తిని మింగడం పాత అలవాటేనని సమాధానం. అర్థానికి మాత్రం లోపం లేదు. హవాయి జలపాతాలు అగ్నిపర్వతపు శిలను కోసుకుంటూ దిగుతాయి. ఆ గోడలు ఎప్పుడు విరుగుతాయో నీటిని చూసి చెప్పలేరు. అదే ఒవాహులో సేక్రెడ్ ఫాల్స్ అనే జలపాతం దగ్గర 1999 మే 9న కొండచరియ విరిగి మడుగు దగ్గరున్నవారి మీద పడి 8 మంది చనిపోయారు. ఆ జలపాతమున్న ఉద్యానాన్ని అప్పటినుంచీ మూసే ఉంచారు. 'ఎన్నడుగూడ' అన్న మాట ఛందస్సు నింపడానికి వేసినది కాదు.

పద్యం చెప్పకుండా వదిలినది ఒకటుంది. దానిని అధ్యాహారం చేసుకోవాలి, అంటే మూలంలో లేని మాటను అర్థం పూర్తి కావడానికి బయటినుంచి తెచ్చుకోవాలి. ఎలుకలు, అడవిపందుల మూత్రం కలిసిన వాగుల, మడుగుల నీటిలో లెప్టోస్పైరోసిస్ అనే జ్వరాన్ని తెచ్చే క్రిములు ఉండవచ్చు. పొలాల్లో పనిచేసేవారికి ఎలుక జ్వరంగా తెలిసినది ఇదే. అవి చర్మపు గాట్ల ద్వారా, కన్ను, ముక్కు, నోటి పొరల ద్వారా ఒంట్లోకి చేరతాయి. కనుక 'గాయాలు లేనివాడవై' అన్న విశేషణాన్ని 'దిగుము'కు ముందు చేర్చి చదవాలి. తరువాత జ్వరం వస్తే మడుగులో ఈదిన సంగతి డాక్టరుకు చెప్పాలి.

'ఈల' ఊదే కాపరికి ఈ తోటలో ఎదురు లేదు. ఎగువ కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే వాగు పొంగుతుంది, నీరు మట్టిరంగుకు తిరుగుతుంది; అందుచేత ఆనాడు ఈతకు అనుమతి ఉందో లేదో ఏ రోజుకారోజు నిర్ణయిస్తారు. ప్రయాణం పెట్టుకున్నవారు ఆ ఉదయమే కనుక్కొని బయలుదేరడం మంచిది, మడుగు మూశారని తెలిస్తే ప్రయాణం మానుకోవడం మాత్రం తగదు. ఆ రోజుల్లోనే తోటను తీరిగ్గా చూడగలుగుతారు.