సామాన్ల డబ్బాలో సన్యాసం

అమెరికాలో సంసారం మీద విరక్తి పుట్టినవాడు అడవికి నడిచి వెళ్లడు. ముందు ట్రక్కు వెనక తగిలించుకోవడానికి పాత కార్గో ట్రైలర్ ఒకటి వెతుక్కుంటాడు. ఆరడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, కిటికీ లేని రేకు డబ్బా. దాన్ని కొన్నరోజే ప్రకటించేస్తాడు: "ఓ పరుపు, ఓ దీపం. అంతకుమించి మనిషికేం కావాలి?" ఈ మాట శనివారం పొద్దున అంటాడు. సాయంత్రానికి ఇంటి మరమ్మతు సామాన్లమ్మే హోమ్ డిపోలో బండి తోస్తూ కనిపిస్తాడు.

సన్యాసి గోచీ కథ మనకు తెలిసిందే. ఎలుకలు కొరుకుతున్నాయని పిల్లి, పిల్లికి పాలకని ఆవు, ఆవును కాయడానికి పెళ్లాం. ఈయనదీ అదే వరస. ఊపిరాడటం లేదని పైకప్పులో పద్నాలుగంగుళాల చదరం కోసి ఫ్యాను బిగిస్తాడు. ఫ్యానుకు బ్యాటరీ, బ్యాటరీకి సోలార్ పలక. ఇంత కరెంటు పెట్టుకుని ఫ్రిజ్ లేకపోతే ఎలా? కూరగాయలే చల్లగా ఉంటే టెక్సస్ ఎండలో మనిషి మాత్రం ఉడకాలా? పైకప్పు మీదికి 13,500 బీటీయూల ఏసీ ఎక్కుతుంది. నూరు ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీ దాన్ని మహా అయితే గంటసేపు మోస్తుంది. ఆ తర్వాత జనరేటర్. ప్రశాంతత కోసం వచ్చిన అడవిలో అది రాత్రంతా రొద పెడుతుంటే, పక్క గుడారంలో నిజంగానే ఓ పరుపు, ఓ దీపంతో వచ్చినవాళ్లు చెవుల్లో దూది పెట్టుకుంటారు.

బరువు సంగతి మరీ ముచ్చట. ఒంటి ఇరుసు డబ్బాల్లో చాలావాటి మీద 2,990 పౌన్ల పరిమితి అని రాసి ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌన్లు చేరితే ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి కనక, కంపెనీలు చూపిన పది పౌన్ల తెలివి అది. ఖాళీ డబ్బానే వెయ్యి పౌన్ల పైమాట. మన విరాగి లోపల కుటీరపు కళ రావాలని దేవదారు పలకలు పరిపిస్తాడు, 40 గాలన్ల నీటి ట్యాంకు పెడతాడు. నిండితే నీళ్లే 330 పౌన్లు దాటతాయి. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం ముందు కొక్కెం మీద పడాలి. ఈయన మాత్రం వంటిల్లు వెనక తలుపు దగ్గర ఉంటే ప్రకృతి బాగా కనబడుతుందని ట్యాంకూ ఫ్రిజ్జూ అక్కడే పెట్టాడు. హైవే ఎక్కగానే డబ్బా తోక ఊపుతుంది. దానికి మందుగా సామాను తగ్గించొచ్చు కదా? ఊహూఁ, ఇంకా పెద్ద ట్రక్కు కొంటాడు.

ఈ పంథాకు మూలపురుషుడు రచయిత థోరో. 1845లో మసాచుసెట్స్‌లోని వాల్డెన్ చెరువు పక్కన గుడిసె వేసుకున్నాడు. రైలు దారి మీద పనిచేసే ఓ ఐరిష్ కూలీ పాకను 4 డాలర్ల 25 సెంట్లకు కొని, విప్పి, ఆ పలకలే వాడాడు. మేకులు, పాత ఇటుకలు, పాత కిటికీలు కలిపి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లయిందని పద్దు రాసి అచ్చువేయించాడు. స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది, పోనివ్వండి. మన డబ్బా సన్యాసి థోరోను తెగ తలుచుకుంటాడు గానీ రసీదుల దగ్గర మాత్రం మౌనవ్రతం. బ్యాటరీ "ముందే ఉంది", ఫ్రిజ్ "పుట్టినరోజు కానుక", ఏడాదిపాటు వారాంతాల్లో చేసిన చాకిరీ "సరదా". అద్దె కట్టలేక ఇలాంటి డబ్బాల్లోనే బతుకీడుస్తున్నవాళ్లూ ఆ దేశంలో ఉన్నారు. దీన్ని తత్వం అని వాళ్లెవరూ అనడం లేదు.

డాలస్ శివార్లలోని మనవాళ్లకు ఈ గాలి సోకితే ఇంకో అధ్యాయం. చాలా కాలనీ సంఘాలు ఇంటిముందు ట్రైలర్ నిలపనివ్వవు కాబట్టి, సాదా జీవితాన్ని నెలనెలా అద్దె కట్టి ఎక్కడో దాచుకోవాలి. లోపల తాలింపు వేస్తే వారం దాకా పరుపుకు ఇంగువ వాసన. గ్యాసు మండితే నీటి ఆవిరి పుడుతుంది, నిద్రపోయేవాళ్ల ఊపిరిలోనూ తేమే. అదంతా చల్లటి ఇనుప పట్టీల మీద చేరి తెల్లారేసరికి మొహం మీద బొట్లుబొట్లుగా రాలుతుంది.

ఇక్కడ వెటకారం కాసేపు పక్కన పెడతాను. చలికి తట్టుకోలేక సందులన్నీ మూసి, గ్యాసు హీటరు వెలిగించి పడుకోకండి. దాన్నుంచి పుట్టి ప్రాణం తీయగల కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టే అలారం ఈయన కొన్నవాటన్నిటికన్నా చవక, విచిత్రంగా జాబితాలో అన్నిటికన్నా ఆఖరున ఉండేదీ అదే.

అంతా అయ్యాక మొదటి యాత్ర. కరెంటు, నీళ్లు ఇచ్చే ప్రైవేటు పార్కు గేటు దగ్గరే ఆపేస్తారు. సొంతంగా చేసుకున్న బళ్లకు చోటివ్వని పార్కులూ ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. చీకటి పడుతుంది, వాన మొదలవుతుంది, ఆయన వెళ్లి మోటెల్‌లో గది అడుగుతాడు. ట్రైలర్ రెండు కార్ల చోటు తింటోంది, దానికి విడిగా కట్టాలంటాడు కౌంటర్లో మనిషి. కడతాడు.